చెక్క చప్పుడు

ఫైనల్స్‌కి ఇంకా ఒక్క చోటే మిగిలింది. నాలుగో నంబరు కుర్రాడికీ, పదకొండో నంబరు అమ్మాయికీ ఓట్లు సరిసమానంగా వచ్చి కూర్చున్నాయి. ఆ పియానో పోటీలో న్యాయనిర్ణేతలు మామూలుగా ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. చీటీ మీద రాసి, మడిచి ఇవ్వడమే. ఓట్లు సమానమైనప్పుడు మాత్రం నోరు విప్పవచ్చు. అప్పుడు కూడా పేర్లుండవు, నంబర్లే. ఏ దేశం పిల్ల, ఎవరి శిష్యురాలు అన్నవన్నీ తలుపు బయటే వదిలి రావాలని నియమం. వదిలి వస్తారో, జేబులో దాచుకొస్తారో ఆ దేవుడికే తెలియాలి.

బల్ల మీద టీ చల్లారిపోయి ఉంది. అందరూ బల్ల చివర కూర్చున్న అధ్యక్షురాలి వైపు చూశారు. ఆవిడని ఎదురుగా మేడం అంటారు, వెనకాల పాముచెవుల మేడం అంటారు. సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన రోజుల్లో, పై అంతస్తులో ఎవడైనా పియానో మీద తప్పు మెట్టు నొక్కితే కింద మెట్లెక్కుతూనే కేకేసేదట. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా కోపం నటించేది గాని, లోలోపల మురిసిపోయేది. ఆవిడకి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఉన్న ఆస్తల్లా ఆ చెవులే.

"మీరేమంటారు మేడం?" అన్నాడు శిష్యుడు. ఒకప్పుడు ఆవిడ దగ్గర తిట్లు తిన్నవాడే, ఇప్పుడు బట్టతల వచ్చి ప్రొఫెసరై ఆవిడ పక్కనే జ్యూరీలో కూర్చున్నాడు.

పెన్సిలు చెక్కుకుంటున్న, అందరూ ఎగస్పార్టీ అని పిలిచే ఆయన తల ఎత్తాడు. ఆయన సన్నగా, పొడుగ్గా ఉండే పాత విద్వాంసుడు. ఆవిడ ఔనంటే కాదనడమే ఆయన ఉద్యోగమని అందరికీ తెలుసు. "నాకైతే ఆ అమ్మాయి..." అని మొదలుపెట్టాడు.

"ఒక్క నిమిషం ఉండండి," అంది ఆవిడ. "మొదటి మూడు రచనలూ బాగా వాయించింది, కాదనను. నా బాధల్లా చివరిదాంతోనే. ఆ కొత్త రచన ఉంది చూశారూ, దాంట్లో తారస్థాయి అంతా గాలికి వదిలేసింది. వేళ్లు ఆడుతున్నాయి, స్వరం లేదు. చెక్క చప్పుడు తప్ప నాకేం వినబడలేదు. మెత్తగా వాయించడం వేరు, అసలు వాయించకపోవడం వేరు."

ఎగస్పార్టీ నోరు తెరిచి, మళ్లీ మూసి, చెక్కిన పెన్సిల్నే మళ్లీ చెక్కడం మొదలుపెట్టాడు. శిష్యుడు తన కాగితం మీద రాసుకున్నదేదో చేత్తో కప్పుకున్నాడు.

"మీకలా అనిపించిందా?" అంది కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ, మెల్లగా.

"అనిపించడమేమిటండీ? చెవులున్నాయిగా!"

అందరూ నవ్వారు. ఆ తర్వాత నాలుగో నంబరు కుర్రాడికి ఒక్కొక్క చెయ్యే లేచింది. ఎగస్పార్టీ చెయ్యి అందరికంటే ఆలస్యంగా లేచింది గాని, లేచింది. పోటీ కార్యదర్శి లెక్క రాసుకుని టీ మళ్లీ తెప్పించాడు.

ఫలితాలు చదివాక, ఓడినవాళ్లు జ్యూరీ అధ్యక్షురాలిని కలిసి తమ తప్పేమిటో అడగడం ఆ పోటీలో ఆనవాయితీ. ఇద్దరు పిల్లలు ఏడ్చారు, ఒకడు వాదించాడు. పదకొండో నంబరు అమ్మాయి ఏడవనూ లేదు, వాదించనూ లేదు. బిగించి కట్టిన జుట్టు, మోచేతుల దగ్గర నలిగిన నల్లగౌను. కుర్చీ అంచు మీద కూర్చుని, అరచేతులు మోకాళ్ల మీద బోర్లించింది.

"నాది ఎక్కడ పోయింది మేడం?"

"చివరి రచన ఎందుకెంచుకున్నావమ్మా? ఎవరూ వినని పాట?"

"ఎవరూ వినలేదనే. దాన్ని రాసినావిడ మా ఊళ్లోనే ఉంటారు. ఆవిడ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. పైన చివర ఆ స్వరాలు ఉన్నాయా లేవా అన్నట్టు ఉండాలన్నారు."

"ఉన్నాయా లేవా అన్నట్టు కాదు, లేనేలేవు. హాల్లో కూర్చున్నవాడికి వినబడకపోతే లేనట్టే లెక్క. నీ కుడిచేతి చివరివేళ్లకి బరువు లేదు. పలికించు. ధైర్యంగా పలికించు."

ఆ పిల్ల తన కుడిచేతి చిటికెనవేలి వైపు, అది చెయ్యరాని పని చేసినట్టు చూసుకుంది. "నాకు వినబడుతూనే ఉంది మేడం, అక్కడ కూర్చుంటే."

"వాయించేవాళ్లకి ఎప్పుడూ వినబడుతుందమ్మా. మనసులో ఉంటుందిగా."

"ఔనండి," అంది ఆ పిల్ల. "నాకిదే ఆఖరు. వచ్చేసారికి వయసు దాటిపోతుంది. పిల్లలకి పాఠాలు చెప్పుకుంటానని ఇంట్లో మాటిచ్చి వచ్చాను, ఇది కాకపోతే." మళ్లీ తనే లేచి, "నేర్చుకుంటాను. విమానం ఎల్లుండి కదా, అందాకా ఇక్కడే సాధన చేసుకుంటాను," అని దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. మంచి పిల్ల, చెబితే వింటుంది అనుకుంది ఆవిడ. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలు వంటింటి గుమ్మంలో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. నర్సు ఉద్యోగం చేసి రిటైరయ్యాక అక్క దగ్గరే ఉంటోంది. నోరు కాస్త పెద్దది, మనసు మంచిది.

"కెటిల్ ఈలేసి ఈలేసి చచ్చిపోయింది. నువ్వేమో దాని పక్కనే నిలబడి పేపరు చదువుతున్నావు. చెవుల్లో దూది పెట్టుకున్నావా అక్కా?"

"ఆలోచనలో ఉన్నాను."

"నీకు రోజూ ఆలోచనే. నిన్న తలుపు గంట, మొన్న వాషింగ్ మెషిన్. చెవుల డాక్టర్ని ఒకసారి చూడవే అంటే కస్సుమంటావు."

"నా చెవులకి డాక్టరా? లోకం నవ్వుతుంది. నువ్వే చాదస్తంగా తయారయ్యావు."

చెల్లెలు కప్పులో నీళ్లు పోసింది. ఊరుకోవడం చెల్లెలికి చేతకాదు, అందుకని మళ్లీ అందుకుంది. "సరేగాని, ఆ నల్లగౌను పిల్ల వెళ్లిందా ఫైనల్స్‌కి? నువ్విచ్చిన పాసు మీద నిన్న నేనూ వచ్చి వెనక వరసలో కూర్చున్నాలే."

"లేదు."

"అయ్యో! అదేమిటే? చివర అలా పైపైన మెల్లగా వాయించిందే, అప్పుడు నాకు ఏడుపొచ్చేసింది. ఎందుకొచ్చిందో తెలీదు. పక్కాయన కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు."

"నీకేం తెలుసని?"

"నాకేం తెలీదు. ఏడుపొచ్చింది, అంతే చెప్పాను. ఏడుపుక్కూడా పరీక్ష పాసవ్వాలా?"

ఆవిడ కప్పు కింద పెట్టింది. వెనక వరసలో కూర్చున్నదానికి వినబడిందట. తాను ముందు వరస మధ్యలో కూర్చుంది. ఇది సంగీతం తెలియని మనిషి మాట, పట్టించుకోవక్కర్లేదు అనుకుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనడం ఆవిడకి కొత్త కాదు. కాని అన్నం తినేటప్పుడు ఆ మాటే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్న హాలు ఖాళీగా ఉంది. వేదిక మీద ఒక్క దీపం వేసుకుని, ట్యూనర్ పియానో మీదికి వంగి శ్రుతి చేస్తున్నాడు. ఫైనల్స్ ముందు రోజు అధ్యక్షురాలు వచ్చి వాయిద్యం చూసి పోవడం మామూలే కాబట్టి, ఆయన లేచి ఒక నమస్కారం పెట్టి మళ్లీ పనిలో పడ్డాడు. ఆవిడ పక్కనే నిలబడింది. మధ్య స్థాయి మెట్లు గంట కొట్టినట్టు పలికాయి. ఆయన చెయ్యి కుడివైపుకి జరుగుతూ పోయింది. తీగ బిగించే తాళంచెవి తిప్పుతాడు, మెట్టు నొక్కుతాడు, వింటాడు, వెంట్రుకవాసి సడలిస్తాడు, మళ్లీ నొక్కుతాడు.

ఉన్నట్టుండి స్వరం ఆగిపోయింది. ఆయన వేలు మాత్రం ఆగలేదు. టక్, టక్, టక్.

"తీగలకి గుడ్డ అడ్డం పెట్టారా?" అంది ఆవిడ.

"లేదండి."

"మరి పలకడం లేదేం?"

ట్యూనర్ మెట్టు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. మళ్లీ నొక్కి, తల పక్కకి వాల్చి విన్నాడు. ఆయన మొహం మీద మొదట ఆశ్చర్యం కనబడింది, తర్వాత భయం. "ఔను మేడం, మీరన్నాక తెలుస్తోంది. కాస్త మొద్దుగానే ఉంది. తీగని కొట్టే సుత్తి మీద ఉన్ని మెత్తబడిందేమో, ఇప్పుడే చూస్తాను," అని గబగబా పనిముట్ల సంచి విప్పాడు.

"ఒకసారి జరగండి," అని ఆవిడే వేలు పెట్టింది. చిట్టచివరి మెట్టు. టక్. దాని పక్కది. టక్. ఇంకొంచెం ఎడమకి వచ్చి గట్టిగా కొట్టింది, దూరంగా ఎక్కడో పలికింది. అదే మెట్టు మెల్లగా నొక్కింది. చెక్క. ఆవిడ ఎడమచెయ్యి పియానో లోపలికి పోనిచ్చి, తీగ మీద గోటి అంచు ఆనించీ ఆనించకుండా పెట్టి, కుడిచేత్తో మళ్లీ నొక్కింది. తీగ వణికింది. వేలికి తెలిసేటట్టు, బతికున్నదేదో కదిలినట్టు వణికింది. చెవికి మాత్రం ఏమీ లేదు.

ఆవిడ ట్యూనర్ కుర్చీలోనే కూర్చుంది. మరి ఇన్నాళ్లూ ఎలా తెలియలేదు? ఎందుకు తెలుస్తుంది? యాభై ఏళ్లుగా వింటున్న రచనలే అందరూ వాయిస్తారు. వేళ్లు అక్కడికి వెళ్లగానే స్వరాన్ని జ్ఞాపకమే నింపేస్తుంది. పోటీ మొత్తంలో ఆవిడకి తెలియని పాట ఒక్కటే ఒక్కటి. అది ఆ నల్లగౌను పిల్లది. అక్కడ నింపడానికి జ్ఞాపకం లేదు. ఉన్నవి చెవులే, ఆ చెవులు లేవు.

"సుత్తి మారుస్తాను మేడం," అన్నాడు ట్యూనర్, పాపం చెమటలు పట్టి.

"ఏమీ మార్చకండి. మీరు చేసింది బాగానే ఉంది. బాగోనిది నేను."

ఆయనకి అర్థం కాలేదు. తన మీద కోపమొచ్చిందనుకున్నాడు.

మధ్యాహ్నానికి ఆవిడ జ్యూరీ అందరినీ ఓట్లు వేసిన గదికే పిలిపించింది. నిలబడే చెప్పింది. కూర్చుంటే చెప్పలేననిపించింది. "నా చెవులు పోయాయి. అన్నీ కావు, పై స్థాయి పోయింది. ఆ అమ్మాయి వాయించింది, నాకే వినబడలేదు. చెవిటిదాని ముందు శంఖం ఊదింది ఆ పిల్ల. ఊదినందుకు దాన్ని ఇంటికి పంపించాను. ఫైనల్స్ రేపు. ఇంకో కుర్చీ వేసి ఆ పిల్లని పిలవండి. నన్ను తీసేయండి."

ఈ మాటతో గది అదిరిపోతుందనుకుంది. ఏమీ కాలేదు. ఎవరూ తల ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఒకరు కళ్లజోడు సర్దుకున్నారు, ఒకరు చీటీలు సర్దారు.

"మీకు వినబడిందా?" అంది శిష్యుడితో.

శిష్యుడు ముందున్న కాగితం తిరగేశాడు. "అదీ... మేడం..."

"వినబడిందా లేదా?"

"వినబడింది. చాలా బావుంది. కాగితం మీద అదే రాసుకున్నాను. మీరు లేదన్నారు కదా. మీకు వినబడనిది నాకు వినబడిందంటే నేనేదో ఊహించుకున్నానేమో అనుకున్నాను. మీ చెవులు కదా మేడం!"

ఆవిడ ఎగస్పార్టీ వైపు తిరిగింది. "మీరు? జన్మలో నా మాటకి ఔననలేదే!"

"అదే నా కర్మ," అన్నాడాయన. "మిగతావాటికి ఎదురు చెప్పాను. చెవి విషయంలో మీకెదురు చెప్పే ధైర్యం నాకూ లేదు. ఆ పిల్ల పైన వాయిస్తున్నప్పుడు నేను ఊపిరి కూడా తీసుకోలేదు. అయినా చెయ్యెత్తాను. గొర్రెదాటు అంటే ఏమిటో ఈ వయసులో తెలిసింది."

కిటికీ పక్కనావిడ మెల్లగా ఏడుస్తోంది. అంటే అందరికీ వినబడింది. ఆ గదిలో వినబడనిది ఒక్కరికే, తీర్పు మాత్రం ఆ ఒక్కరిదే. తన తప్పు ఒక్కటే అనుకుని వచ్చిన మనిషికి, దానికి ఇంతమంది కాపలా కాశారని ఇప్పుడు తెలిసింది.

కార్యదర్శి అందుకున్నాడు. "మీ మంచితనం తెలుసండి. కాని ఫలితం ప్రకటించేశాం. ఇప్పుడు ఒకరిని చేరిస్తే మిగతా ఓడినవాళ్లంతా మా సంగతేమిటంటారు. గత పోటీల్లో మీరిచ్చిన తీర్పులన్నీ తవ్వుతారు. జ్యూరీ నిర్ణయానికి తిరుగులేదన్న నియమం మీరే కదా పెట్టించారు?"

"నేనే పెట్టించాను."

"మరింకేం? ఒంట్లో బాగోలేదని చెప్పి రేపటి నుంచి విశ్రాంతి తీసుకోండి. అధ్యక్ష స్థానంలో మీ శిష్యుడు కూర్చుంటాడు. మీ గౌరవం మీకుంటుంది."

"నా గౌరవం సరే, ఆ పిల్ల సంగతి?"

ఆ పిల్లని పిలవడానికి చేతులెత్తమని ఆవిడ అడిగితే, ఈసారి అంత తేలిగ్గా లేవలేదు. ఎగస్పార్టీది ఒక్కటే లేచింది. శిష్యుడి చెయ్యి బల్ల మీద నుంచి కొంచెం కదిలి, మళ్లీ పడిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అనుకుంటూ ఆవిడ బయటికి నడిచింది.

సాధన గదులు కింది అంతస్తులో వరసగా ఉంటాయి. ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన చెల్లెలు అక్క మొహం చూసి ఏమిటని అడగలేదు, పక్కనే నడిచింది. నడవా మలుపు తిరగగానే ఆవిడ ఆగిపోయింది.

మూడు తలుపుల అవతల నుంచి ఆ పాట వినబడుతోంది. పై స్థాయితో సహా వినబడుతోంది. ఒక్కొక్క స్వరమూ విడివిడిగా, తేటగా, మెరుస్తూ. ఆవిడ ప్రాణం లేచొచ్చింది. ఎంత బాగుంది! ఇదా ఆ పాట! చెవులు అంత పోలేదేమో, పొద్దున్న ఏదో జలుబో, ఒత్తిడో అయ్యుంటుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని, "విన్నావా?" అంది, నవ్వుతూ.

చెల్లెలు మొహం చిట్లించింది. "అబ్బ! ఎవరే అది, అలా బాదేస్తున్నారు? మేకులు కొడుతున్నట్టుంది. పాపం, పాట అదేలా ఉందే..."

ఆవిడ నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

తలుపు తీసేసరికి ఆ పిల్ల వాయించడం ఆపి లేచి నిలబడింది. కుడిచేతి చిటికెనవేలికి ప్లాస్టరు చుట్టి ఉంది. కళ్లు లోతుకు పోయాయి. "మేడం! మీరు చెప్పినట్టే చేస్తున్నాను, నిన్నటి నుంచి. ఇప్పుడు వినబడుతోందా?"

"వినబడుతోందమ్మా. శుభ్రంగా వినబడుతోంది. అందుకే ఆపమంటున్నాను."

చెప్పింది. దాచకుండా, గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పింది: చెవులు, తీగ, చెయ్యెత్తినవాళ్లు, ఎత్తనివాళ్లు. ఆ పిల్ల కదలకుండా విన్నది.

"అంటే నేను తప్పు వాయించలేదా?"

"లేదు."

"ఫైనల్స్‌కి?"

"పిలవరు. నా వల్ల కాలేదు. క్షమించమని అడగడానిక్కూడా నాకు మొహం లేదు."

"అడక్కండి," అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు, అదే కష్టంగా ఉంది వినడానికి. "నాకు వినబడుతోందని నేను చెప్పాను. మీరు మనసులో ఉంటుందన్నారు. మీ మాట నమ్మి నా చెవులే తప్పనుకున్నాను." పియానో ముందు కూర్చుని ఆ పై స్వరాలు మళ్లీ వాయించింది, ఈసారి మెల్లగా వాయించాలని చూస్తూ. మేకులు పడ్డాయి. మళ్లీ వాయించింది. చెయ్యి విదిలించుకుంది. "రావడం లేదు. మొన్నటిదాకా ఎలా వాయించానో వేలికి గుర్తులేదు. బరువు వెయ్యడం అలవాటైపోయింది." అప్పుడు ఏడ్చింది. ఫైనల్స్‌లో చోటు పోయినప్పుడు ఏడవని పిల్ల ఇప్పుడు పియానో మూత మీద తల పెట్టుకుని ఏడ్చింది.

ఆవిడ చెయ్యి సగం దూరం వెళ్లి ఆగిపోయింది. ఎంతమంది చేతులు సరిదిద్దిందో లెక్క లేదు. ఈ చెయ్యి సరిదిద్దడం మాత్రం తన వల్ల కాదు. సరైందో కాదో చెప్పాలంటే ముందు వినబడాలిగా.

"చెల్లీ, ఇలా వచ్చి కూర్చో," అంది.

"నేనా? నాకేం తెలుసే?"

"ఆ రోజు నీకు ఏడుపొచ్చింది కదా? ఇప్పుడు వస్తుందో రాదో చెప్పు. అంతే."

చెల్లెలు గోడ పక్క కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల మొహం తుడుచుకుని, ప్లాస్టరు పీకి పారేసి, మొదలుపెట్టింది.

"ఊహూ," అంది చెల్లెలు.

మళ్లీ వాయించింది.

"ఊహూ. ఇంకా గుచ్చుకుంటోంది తల్లీ."

మళ్లీ. ఆవిడ కిటికీకి ఆనుకుని వింది. స్వరాలు ఇంకా తేటగా ఉన్నాయి. మళ్లీ వాయించేసరికి ఒకటి పోయింది. ఆ తర్వాత దాని పక్కది. ఆ పిల్ల వేలు తేలికవుతున్న కొద్దీ ఆవిడకి పాట పైనుంచి కిందికి కరిగిపోతూ వచ్చింది. ఆపమని అరవాలనిపించింది, ఆ ఒక్క స్వరాన్నీ ఉంచమని బతిమాలుకోవాలనిపించింది. అయినా వాయించనిచ్చింది. చెల్లెలు "ఊహూ" అనడం మానేసింది.

ఆఖరికి గదిలో ఆవిడకి మిగిలింది చెక్క చప్పుడు. టక్, టక్, టక్. ఆ చప్పుడుని ఆవిడ చివరిదాకా వింది.

ఆ పిల్ల చేతులు మెట్ల మీద నుంచి తీసి, తల తిప్పింది. "వచ్చిందా అండీ?" అని అడిగింది, చెల్లెల్ని.